టేపు చివర

పోయిన వారం భుజంగరావుని చేతిలో బ్లేడుతో కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఆ మనిషి వారం రోజులుగా అలాగే ఉండిపోయాడు. ఇక కదిలిద్దాం.

ఎనభై మూడో సంవత్సరం. వినాయక చవితి ఇంకా కొద్ది రోజులుందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం. భిలాయి రుఆబాంధా కాలనీలో వాళ్ళ క్వార్టరు ముందు గది. నేల మీద చాప, చాప మీద ఆయన. ఎదురుగా పొట్టి బల్ల మీద తన చేతులతో కట్టుకున్న ఆంప్లిఫయరు, పైన రేకు మూత లేకుండా, వాల్వులు ఎర్రగా కాగుతూ. పక్కన పాత రష్యన్ స్పూలు టేపు రికార్డరు. ఎడంచేతి వేళ్ళ మధ్య టేపు కొస, కుడిచేతిలో సగానికి విరిచిన గడ్డం బ్లేడు. బ్లేడు అంచు టేపుకి ఆనగానే వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య కనకలత "కొయ్యకండి!" అని అరిచింది. అక్కడ ఆగాం.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి, పాతవాళ్ళు ఓపిక పట్టండి. భుజంగరావుది విజయనగరం. పెళ్ళయిన కొత్తలోనే భిలాయి వచ్చి, రైలు పట్టాలు చేసే మిల్లులో చేరి ఫోర్‌మన్ అయ్యాడు. ఇద్దరు కూతుళ్ళు. పెద్దది మణిమాలకి చిన్నతనంలో కీళ్ళ జ్వరం వచ్చి గుండెకి పట్టింది. మందులేస్తూ, పరిగెత్తనివ్వకుండా, బరువులెత్తనివ్వకుండా కళ్ళల్లో పెట్టుకుని పెంచారు. డెబ్భై ఆరులో చవితి పందిట్లో పాట పాడి ఇంటికొచ్చిన మర్నాడే ఆ పిల్ల పోయింది. పదిహేనేళ్ళు కూడా నిండలేదు.

ఆ పందిరి కోసమే భుజంగరావు మొదటిసారి ఆంప్లిఫయరు కట్టాడు. పిల్ల గొంతు సన్నం, జనం గోలలో ఎవరికీ వినబడదని ఆయన దిగులు. పందిరికి ముందు రోజు సాయంత్రం ఇంట్లోనే పాడించి టేపెత్తాడు. పాట సగంలో ఉండగా షిఫ్టు బస్సు హారను కొట్టింది. రికార్డరు తిరుగుతుండగా వదిలేసి, చెప్పులు తొడుక్కుని పరిగెత్తాడు. టేపు అయిపోయేదాకా అది అలా తిరుగుతూనే ఉంది. పిల్ల పోయాక ఆ ఇంట్లో మిగిలిన పిల్ల గొంతు అదొక్కటే.

ఆ గొంతులో స్పష్టత తగ్గిపోతోందని ఆయన బాధ. "దాని గొంతు మీద ఎవరో దుప్పటి కప్పేసినట్టుందే" అంటాడు. ఆ దుప్పటి లాగెయ్యడానికి ఏడేళ్ళుగా చెయ్యని పని లేదు. సుపేలా బజారులో కండెన్సర్లు కొని మార్చాడు. ట్రాన్స్‌ఫార్మరు విప్పి, రాగి తీగ తనే చుట్టుకుంటూ మళ్ళీ కట్టాడు. ఊరికి వెళ్ళిపోతున్న రష్యన్ ఇంజనీరు దగ్గర వాల్వులు అడిగి తెచ్చుకున్నాడు. టేకు చెక్కతో స్పీకరు డబ్బా చేయించి, కీచు స్వరాల కోసం ట్వీటరు అని చిన్న స్పీకరు ఒకటి నాగపూరు నుంచి తెప్పించి బిగించాడు. ప్రతి కొత్త సామానుకీ ఒక ఆదివారం పరీక్ష. పెళ్ళాన్నీ, చిన్నకూతురు కుసుమనీ కూర్చోబెట్టి టేపు వేస్తాడు. "ఇప్పుడెలాగుంది?" అని కనకలతని అడుగుతాడు. "ఇంకా మసగ్గానే ఉందండి" అంటుంది ఆవిడ. ఆయన తల పంకించి, మర్నాటి నుంచి ఇంకో సామాను వేటలో పడతాడు.

ఇదీ కథ. ఇప్పుడు బ్లేడు దగ్గరికి వద్దాం.

"ఏటే ఆ కేక? ఏలు తెగిపోయేది" అన్నాడు భుజంగరావు.

కనకలత గదిలోకి వచ్చింది. చేతులకి శనగపిండి అంటుకుని ఉంది, తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. చాప అంచున నిలబడింది.

"ఆ చివర కొయ్యకండి" అంది.

"చివరేటుందే? ఖాళీ. చూడు, బారెడు మేర ఎలా నలిగిపోనాదో. తిరిగినప్పుడల్లా మిషన్లో పట్టుకుని లాగేస్తంది. ఇలాగే ఒగ్గీస్తే ఏదో రోజు పాటనే చింపేస్తాది. పాట అయిపోయిన చోటికి కోసీసి, కొత్త టేపు ముక్క అతికించీస్తే పాట బతుకుతాది."

"ఖాళీ కాదండి."

"ఖాళీ కాకపోతే ఇంకేటి? నువ్వు ఆ పక్కింటి ఛాయతో 'సర్లే, చెప్పన్లే' అన్న మాటొకటి ఉంది. అదా నీ బాధ? నీ గొంతు పోతాదనా? నువ్వు బతికే ఉన్నావు కదే, రోజూ వింటున్నాను." నవ్వబోయాడు. కనకలత మొహం చూసి ఆ నవ్వు మధ్యలోనే మానేశాడు.

ఛాయ పక్కింటి పిల్ల. ఆ రోజుల్లో వాళ్ళింట్లో ఏదో పగలగొట్టి, మా అమ్మకి చెప్పకండి పిన్నీ అని వీళ్ళింట్లో దూరుతుండేది. టేపులో ఆ మాట ఛాయతో అన్నదేనని భుజంగరావు ఏడేళ్ళుగా నమ్ముతున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం. అలాంటి మాట ఇంకెవరితో అంటుంది?

"ఉండు, నీ అనుమానం తీర్చీస్తాను" అని బ్లేడు పక్కన పెట్టి, టేపు కొస స్పూలుకి చుట్టి, కొంచెం వెనక్కి తిప్పి వేశాడు.

మణిమాల గొంతు వచ్చింది. వినాయకుడి పాట, చివరి చరణం. సన్నగా, కొంచెం తొందరగా, ఊపిరి చాలక మాటల చివర్లు మింగుతూ. ఎన్నిసార్లు విన్నా కనకలతకి ఆ తొందర గుండెలో గుచ్చుకుంటుంది. పాట అయిపోయింది. బయట రిక్షా వాడెవడో గంట కొట్టుకుంటూ పోయాడు. టేపు తిరుగుతూనే ఉంది. కాసేపటికి స్పీకర్లోంచి ఏడేళ్ళ కిందటి కనకలత "సర్లే, చెప్పన్లే" అంది. ఆ తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. అంతే.

"విన్నావు కదా. మధ్యలో అంతా ఖాళీ" అన్నాడు భుజంగరావు.

లోపలి గది గుమ్మంలో కుసుమ వచ్చి నిలబడి ఉంది. కాలేజీలో చదువుతోంది, అక్క పోయినప్పుడు తొమ్మిదేళ్ళది. తల్లి వంక చూసింది. తల్లి చూపు తిప్పేసుకుంది.

"మళ్ళీ వెయ్యండి. ఈసారి టేపు వేపు కాదు, ఆ పచ్చ దీపం వేపు చూడండి" అంది కనకలత.

పచ్చ దీపం ఆయన ఈ ఏడాది పెట్టిన సోకు. పెద్ద రేడియోల్లో ఉంటుందే, చప్పుడు వచ్చినప్పుడల్లా రెప్ప వేసినట్టు మూసుకుని తెరుచుకునే ఆకుపచ్చ కన్ను, అది. పాడైపోయిన రేడియోలోంచి ఊడదీసి తెచ్చి, ఆంప్లిఫయరు ముందు రేకుకి కన్నం చేసి బిగించాడు. ఎవరొచ్చినా ముందు దాన్నే చూపిస్తాడు.

మళ్ళీ వేశాడు. పాటకి పచ్చ కన్ను పెద్దగా రెప్పలాడింది. పాట ఆగింది, కన్ను తెరుచుకుని నిలబడిపోయింది. భుజంగరావు 'చూశావా' అన్నట్టు చెయ్యి తిప్పాడు. తిప్పిన చెయ్యి గాలిలో ఉండగానే పచ్చ కన్ను సన్నగా వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది. మాటకీ మాటకీ మధ్య మనిషి ఆగినట్టు ఆగుతూ, వణుకుతూ పోయింది. తర్వాత "సర్లే, చెప్పన్లే" వచ్చి పెద్ద రెప్ప వేసింది.

"అదా? అది వాల్వు గోలే" అన్నాడు భుజంగరావు. "ముందు వాల్వు పాతబడిపోనాది, లోపల్లోపల గుర్రుమంటంది. చరోదా రైల్వే కాలనీలో ఒకాయన దగ్గర మంచివున్నాయని విన్నాను. వచ్చే ఆదివారం ఎల్లి..."

"నాన్నా!" అంది కుసుమ. "వాల్వుకేం కాలేదు. సబ్ ఠీక్ హై. అక్క మాట్లాడుతోంది అందులో."

"నువ్వు నోరుముయ్యవే" అంది కనకలత.

"ఎందుకు ముయ్యాలమ్మా? ఎన్నాళ్ళని? సచ్చీ చెప్తున్నా, ఇక నా వల్ల కాదు. నాన్న ప్రతి సండే మనని కూర్చోబెట్టి అడుగుతాడు, నువ్వు మసగ్గా ఉందంటావు, నన్నూ అనమంటావు. మసక ఎక్కడుందమ్మా? గదిలో పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది."

భుజంగరావు కూతురి మొహం వంకా, పెళ్ళాం మొహం వంకా మార్చి మార్చి చూశాడు. ఆయనకి కోపం వచ్చింది. వస్తుంది మరి. ఏడేళ్ళ కష్టాన్ని పట్టుకుని, లేని జబ్బుకి మందు వేస్తున్నావని ఇంట్లోవాళ్ళే అంటే ఎవరికి రాదు?

"ఏటనుకుంటున్నారే నా గురించి? నాకు చెవుల్లేవా? మిల్లులో రంపం తిరుగుతుంటే, పన్ను అరిగిందో లేదో చప్పుడు విని చెప్పే మనిషిని నేను. నాకు వినబడంది మీకు వినబడిపోతందా?"

అదే ఆయన గర్వం. నిజమే కూడా. ఎర్రగా కాలిన పట్టాని రంపం కోస్తుంటే వచ్చే కీచు కేకకి కొత్తవాళ్ళు చెవులు మూసుకుని వెనక్కి పారిపోతారు. ఈయన దగ్గరికి వెళ్ళి, తల ఒక పక్కకి వంచి వినేవాడు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చినవి గోడ మేకుకి తగిలించి ఉండేవి. 'చెవులు మూసుకుంటే అదేటంటందో నాకెలా తెలుస్తాది' అనేవాడు. ఇరవై ఏళ్ళు అలా విన్నాడు.

కనకలత చీర చెంగుకి చేతులు తుడుచుకుంది.

"ఒక్కసారి లేచి గోడ వేపు తిరగండి."

"ఎందుకు?"

"నా మీద ఒట్టు. తిరగండి."

గొణుక్కుంటూ లేచి, క్యాలెండరు ఉన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కనకలత ఆయన వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ ఆయన చెవుల దాకా ఎత్తి, నిండుగా ఉన్న మట్టిగాజులు గలగలమని ఆడించింది. గుమ్మంలో కుసుమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజంగరావు క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. కనకలత ఇంకా గట్టిగా ఆడించింది. ఒక గాజు చిట్లి చేతికి గీసుకుంది. ఆయన మెడ కూడా తిప్పలేదు.

ఆఖరికి భుజం మీద తట్టింది. ఆయన తిరిగాడు.

"ఏటి, మొదలెట్టవేటి? ఎంతసేపు నిలబడాలి?" అన్నాడు.

"అయిపోనాదండి" అంది కనకలత. ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆయన కిందికి చూశాడు. చాప మీద గాజు ముక్క. ఆవిడ మణికట్టు మీద సన్నని ఎర్ర గీత. కాసేపు ఆయనకి అర్థం కాలేదు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, కళ్ళ ముందుకి తెచ్చుకుని, తనే ఊపాడు. గాజు గాజుకి తగులుతోంది. ఎర్రవి పచ్చవాటికి, పచ్చవి ఎర్రవాటికి. ఇంకోసారి ఊపాడు. చంటిపిల్లాడు గిలక పట్టుకున్నట్టు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చెయ్యి వదిలేసి, చాప మీద కూలబడ్డాడు.

మీరడగొచ్చు, చెవులు పోయిన మనిషికి ఏడేళ్ళుగా తెలియదా అని. తెలియదు. పిచ్చి కాదది, ఆ మిల్లు మనుషుల అలవాటు. రంపాల గోలలో అక్కడెవరికీ మాట వినబడదు. ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకుంటారు. ఇంటికొచ్చినా అంతే, మొహంలో మొహం పెట్టి చూస్తూ మాట్లాడతారు. వాళ్ళ ఆడవాళ్ళకి కూడా అదే మర్యాదలా ఉంటుంది. లావు గొంతులు వినబడతాయి, డప్పు వినబడుతుంది, బస్సు హారను వినబడుతుంది. మిగతాది కళ్ళు వింటాయి. టేపుకి మాత్రం పెదాలు లేవు. అందుకని ఒక్క టేపు దగ్గరే భుజంగరావుకి మాట మసకబారింది. టేపు మసకబారితే తప్పు ఆంప్లిఫయరుదే అవ్వాలి కదా? తన చెవి మీద ఆయనకి అంత నమ్మకం.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?" అన్నాడు భుజంగరావు.

"పిల్ల కర్మకాండలన్నీ అయ్యాక మొదటిసారి టేపేశారే, ఆ రోజు నుంచి. పాటయ్యాక దాని మాటొచ్చింది. నా ప్రాణం పోయింది. అది టేపులోకి ఎక్కిందని నాకంతవరకూ తెలీదు. మీ వేపు చూశాను. మీరు మామూలుగా కూర్చుని ఉన్నారు. తర్వాత నా మాట రాగానే, 'ఆ ఛాయ ఏం పగలగొట్టిందో' అన్నారు. అప్పుడు తెలిసింది మీకు వినబళ్ళేదని."

"తెలిసీ నోరెత్తలేదు."

"లేదు."

"ఏడేళ్ళు నాచేత గాడిద చాకిరీ చేయించేవు. మసగ్గా ఉంది, మసగ్గా ఉంది అని. ఏటి పాపం చేశానే నీకు?"

"చెవులు పోయాయని చెప్తే, ఏది వినబళ్ళేదు అని అడుగుతారు కదా. అప్పుడేటి చెప్పను? బాగుందండీ, బ్రహ్మాండంగా ఉంది అనీసినా చిక్కే. నాకెందుకు వినబళ్ళేదు అని ఆలోచిస్తారు. మసగ్గా ఉందంటే మీరు మళ్ళీ ఆ పెట్టె మీద పడతారు, నా మీద పడరు. అంతే నేననుకున్నది."

ఈవిడ మీద కోపం తెచ్చుకోవాలని నాకూ ఉంది. రావడం లేదు.

భుజంగరావు రికార్డరు వైపు చూశాడు. టేపు కొస స్పూలు మీంచి జారి వేలాడుతోంది. బారెడు. ఇందాక బ్లేడు ఎక్కడ ఆనించాడో అక్కడ సన్నని గుర్తు పడింది.

"పిల్ల ఏటంది?" అన్నాడు.

కనకలత తల అడ్డంగా ఊపింది.

"లతా. నా కూతురు మాట్లాడింది. ఇంకాస్సేపయితే నా చేత్తో నేనే కోసి పారేద్దును. ఏటంది?"

"అమ్మా, చెప్పెయ్. బస్, ఇక చెప్పెయ్" అంది కుసుమ. ఏడుస్తోంది.

"నోటితో చెప్తే నమ్మను" అన్నాడు భుజంగరావు. "ఏడేళ్ళు అబద్ధం చెప్పిన నోరది. కుసుమా, టేపు నువ్వెయ్యి. లతా, ఇలా వచ్చి నా ఎదురుగా కూర్చో. అది అంటున్నప్పుడే నువ్వూ అను. పచ్చ దీపం నాకు కనబడతాది. మాట దాటేశావో నాకు తెలిసిపోతాది."

కనకలత వచ్చి ఆయన ముందు మఠం వేసుకుని కూర్చుంది. వాళ్ళ మోకాళ్ళు ఇంచుమించు తగులుతున్నాయి. కుసుమ టేపు ఎక్కించింది. కొస రెండుసార్లు జారిపోయింది. మూడోసారి పట్టుకుంది.

పాట చివరి చరణం వచ్చింది. అయిపోయింది. రిక్షా గంట లేదు ఈసారి, వీధి అంతా భోజనాలు చేసి పడుకున్నట్టుంది. పచ్చ కన్ను వణికింది. కనకలత పెదాలు కదిలాయి. ఆవిడ చూసి చదివింది కాదు, విని చెప్పింది కాదు. తెలిసిపోయిన మాటలు అవి. స్పీకర్లో కూతురు గుసగుసలాడుతుంటే, తల్లి పెదాలు అదే వేగంతో, అక్కడక్కడే ఆగుతూ కదిలాయి.

"అమ్మా... ఆయాసం మళ్ళీ వస్తంది. పొద్దున్నుంచీ. ఎడం పక్క పట్టేసినట్టుంది. నాన్నకి చెప్పకు. ఆ పెట్టంతా నా కోసమే కట్టేడు కదా, పాడకపోతే చిన్నబుచ్చుకుంటాడు. రేపొక్కరోజు. తర్వాత డాక్టరు దగ్గరికి ఎల్దాం. చెప్పవు కదా?"

కనకలత పెదాలు ఆగిపోయాయి. స్పీకర్లోంచి ఆవిడ గొంతు, ఏడేళ్ళు చిన్నది, నిబ్బరంగా, కొంచెం నవ్వుతూ వచ్చింది.

"సర్లే, చెప్పన్లే."

ఇది భుజంగరావు విన్నాడు. దీనికి పెదాలక్కర్లేదు. ఏడేళ్ళుగా బాగా వింటూనే ఉన్నాడు.

కుర్చీ జరిపిన చప్పుడు వచ్చి టేపు అయిపోయింది. కొస స్పూలుతో పాటు తిరుగుతూ టపటపా కొట్టుకుంటోంది. కుసుమ ఆపలేదు. చివరికి భుజంగరావే చెయ్యి చాచి ఆపాడు.

"నేనా రాత్రి మీరు షిఫ్టు నుంచి వచ్చాక చెప్పేసి ఉంటే," అంది కనకలత, "మీరు దాన్ని పందిరికి పంపేవారు కాదు. పొద్దున్నే ఆస్పత్రికి ఎత్తుకుపోయేవారు. నా నోట్లోంచి మాట రాలేదు. పిల్ల అంత ముచ్చటపడుతోంది, ఒక్క రోజుకి ఏటవుతాదిలే అనుకున్నాను. కొట్టండి నన్ను. చంపీండి. ఏటి చేసినా చెయ్యండి, ఆ ముక్క మాత్రం కొయ్యకండి. అది నాతో అన్న ఆఖరి రహస్యం."

భుజంగరావు ఆవిడని కొట్టలేదు. అరవలేదు. చాలా మెల్లిగా ఒక్క మాట అడిగాడు.

"ఈ మాట ఎన్నిసార్లు విన్నావే?"

"మీరు వేసినప్పుడల్లా."

"ప్రతి ఆదివారమా?"

"మీరు కొత్త వాల్వు పెట్టిన ప్రతిసారీ ఇంకొంచెం బాగా వినబడేదండి. మొదట్లో ఒట్టి గుసగుసే. ఆ ట్రాన్స్‌ఫార్మరేదో మార్చేరే, అప్పట్నుంచి ఊపిరి తీసుకోవడం కూడా వినబడేది. ట్వీటరు పెట్టాక..." చేత్తో గొంతు దగ్గర చూపించింది. "ట్వీటరు పెట్టాక, 'చెప్పవు కదా' అన్నాక అది గుటక మింగడం వినబడింది."

భుజంగరావు తను కట్టుకున్న పెట్టెని చూస్తూ ఉండిపోయాడు. తన చేత్తో చుట్టిన రాగి తీగ, తన చేత్తో పెట్టిన ప్రతి అతుకు. తనకి కూతురు దగ్గరవుతుందని కట్టాడు. ఏడేళ్ళూ అది దగ్గరైంది కనకలతకి. ఒక్కో ఆదివారం ఒక్కో అడుగు దగ్గరికొచ్చి, ఆవిడ చెవిలో అదే మాట అని పోయింది. ఆవిడ కిక్కురుమనకుండా కూర్చుని విని, 'ఇంకా మసగ్గానే ఉందండి' అంది.

లేచాడు. ఆంప్లిఫయరు స్విచ్చి కట్టేశాడు. వాల్వుల ఎరుపు నెమ్మదిగా నల్లబడింది. పచ్చ కన్ను చివరిదాకా ఉండి ఆరిపోయింది. ఆయన అటే తిరిగి, పెళ్ళానికి వీపు పెట్టి నిలబడ్డాడు. రెండు చేతులూ ఇంకా వేడిగా ఉన్న పెట్టె అంచుల మీద ఆనించి ఉన్నాయి.

"నాన్నా, చెయ్యి కాలుతుంది" అంది కుసుమ. ఆయనకి వినబడలేదు.

"పందిరికి సైకిలు మీద తీసుకెళ్ళేను కదా దాన్ని" అన్నాడు, గోడతో అంటున్నట్టు. "సగం దారిలో ఆపమంది. కల్వర్టు మీద కూర్చుంది. మొహమంతా చెమట్లు, పెదాలు నల్లబడిపోనాయి. ఏటే మణీ, ఇంటికి తీసుకుపోనా అన్నాను. వద్దు, తగ్గిపోయింది అంది. కాస్సేపాగి నా చెయ్యి పట్టుకుని, అమ్మకి చెప్పకు నాన్నా, కంగారు పడతాది అంది."

కనకలత తలెత్తింది.

"నా వెనకాల క్యారియరు మీద ఈ పెట్టె కట్టి ఉంది. మొదటిసారి పది మంది ముందు పెడుతున్నాను. ఎలా మోగుతాదో అనే నా యావంతా. సర్లే, చెప్పన్లే అన్నాను. నేనూ అదే మాటన్నాను లతా."

చాప మీద కనకలత కదలకుండా కూర్చుంది. కుసుమ జరిగి తల్లి పక్కన చేరింది. ఏడేళ్ళుగా ఒకే మంచం మీద, ఒకే మాట, ఇటొకరు అటొకరు దాచుకుని. పిల్ల ఇద్దరినీ కాపాడాలనుకుంది.

కనకలత ఆయన వీపు వంక చూసింది.

"నల్లబడ్డ పెదాలు చూసి కూడా ఎందుకు పాడనిచ్చేరండీ?" అంది.

అది మాట కాదు, గుసగుస. కూతురిదంత సన్ననిది. భుజంగరావు గోడ వైపు తిరిగే ఉన్నాడు. ఆయన భుజాలు కదల్లేదు.

ఆవిడ ఊరుకోవచ్చు. ఆయన వినలేదు కాబట్టి ఆ ప్రశ్న అడగనట్టే. కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోతే, ఇన్నేళ్ళు నడిచినట్టే ఇకముందూ నడిచిపోతుంది. కుసుమ తల్లి చెంగు పట్టుకుని "వద్దమ్మా" అంది.

కనకలత చెంగు విడిపించుకుంది. లేచింది. చాప దాటి, టేపు తొక్కకుండా పక్కనించి నడిచి, గోడకీ ఆంప్లిఫయరుకీ మధ్య ఉన్న ఇరుకు సందులోకి దూరి, తన పెదాలు ఆయనకి కనబడేలా ఎదురుగా వెళ్ళి నిలబడింది.